అరవై నాలుగు నుంచి ఎనభై దాకా

మస్కట్‌ల బయట నలభై రెండు డిగ్రీలు.
లోపట ఏసీకి వయోలా వాళ్లు శాలువలు కప్పుకున్నరు.
కుర్చీలు వేసేది నేను, స్టాండులకు లైట్లు బిగించేది నేను.
ఇయ్యాల నాలుగోసారి ఆపిండు కండక్టర్:
"అరవై నాలుగు నుంచి, మళ్లా."

మొదటి రాగం నాకెరికే. నిటారుగ నడుస్తది,
గంజి పెట్టి ఇస్త్రీ చేసిన దిశ్‌దాషా లెక్క.
రెండోది గూడ ఎరికే. క్లారినెట్ ఏందో అడుగుతది,
ఫిడేళ్లు తొందరలేకుంట జవాబిస్తయి.
నడిమిట్ల ఈ పదిహేడు గళ్లే
ఎవ్వలకు చిక్కుతలేవు.

చాయ్ విరామంల జుమానా, రెండో బసూన్,
కాగితం చూపెట్టింది. డెబ్భై ఒకటో గడి కాడ
పెన్సిల్ సున్నా.
"ఈ స్వరాలు పాతింటివి, కొత్తింటివి గూడ" అన్నది బలూచీ యాస హిందీల.
"ఈడ మధ్యమం అర మెట్టు ఎక్కుతది.
దాటినట్టు అప్పుడే తెల్వద్దు.
దాటినంక తెల్వాలె."

నేనేమంట?
మా మేనమామ లింగమూర్తిది ధర్మపురి బ్యాండుమేళం.
బారాత్‌ల ఒక పాట అయిపోవస్తుంటే
ఇంకో శ్రుతి పాట అందుకోవాలె.
డోలుకు కనుబొమ్మతోని "ఆపకు" అని చెప్పి
క్లారినెట్ మీద ఒక్క స్వరం పట్టుకొని గుంజెటోడు,
పెట్రోమాక్స్ లైట్లు గల్లీ మూల మలిగెదాక.
మలగకముందు అది పంచమం.
మలిగినంక అదే షడ్జమం.
స్వరం జరగలే. మేమే జరిగినం.
ఒకసారి నేను మూల కాడ గట్టిగ కొట్టిన.
"అందరికి చెప్పుడెందుకురా, కాళ్లకు తెలుస్తది" అని తిట్టిండు.

పాత కఫీల్ కాగితం ఇయ్యక
కొత్త కఫీల్ సంతకం పెట్టక
హమ్రియా రూముల నలభై దినాలున్న.
ఏ కంపెనీ బూట్లు తొడగాల్నో తెల్వక
చెప్పులతోనే తిరిగిన.
దానికి ఈ సంగీతానికి సంబంధం లేదు.
యాదికొచ్చింది, అంతే.

ఐదోసారి.
కండక్టర్ కర్ర కింద పెట్టిండు, చేతులతోనే.
"వయోలాలు, డెబ్భై ఒకటిని మొక్కకుండ్రి. పోనియ్యుండ్రి."
కొమ్ము ఒక్క స్వరం మీద నిలబడ్డది.
కింద టింపనీ, బుగ్గ కొరుక్కున్నంత మెల్లగ.
నేను ఎనభైలో ఉన్నమని
ఎనభై మూడుకు తెలుసుకున్న.
జుమానా నా దిక్కు చూడలే. ఆమెకు లెక్కబెట్టే గళ్లున్నయి.

పదకొండున్నరకు కుర్చీలు మడిచి స్టాఫ్ బస్సెక్కిన.
రూవి మూల మలిగింది.
ఏసీ గొంతు ఒక్కటే స్వరం పట్టుకోనున్నది.
పంచమమా, షడ్జమమా?
డ్రైవర్ కిటికీ తెరిచిండు.