ఎడమ భుజం

చాప కొనుడు అల్కగనే అయింది.
దానికి సంచి దొరుకుడే కష్టం.

డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును లైటుకు వట్టి
ఏం మోస్తవమ్మా నువ్వు, అన్నడు.
చిల్లర, అన్న.
పందొమ్మిదేండ్లు ఎడమ భుజానికి తోలుసంచి,
అండ్ల పట్నం మొత్తం చిల్లర.
మిషిన్లొచ్చి బరువు తగ్గింది గని
ఆ ముచ్చట భుజానికింక తెల్వలే.
ఫుట్‌బోర్డు నిండిన బస్సు లెక్క
ఒక్క దిక్కే ఒరిగి నడుస్తున్న.

యోగా చెయ్యమన్నడు.

మొదటి దినం చాపను నవారుతోని కట్టి చంకల వెట్టుకున్న.
విద్యానగర్ స్టాపుల ఒక ముసలాయన
ఈ జంపఖానా ఎంతకిస్తవు బిడ్డా, అన్నడు.
రెండొందలు అన్న, ఉత్తగనే.
ఎనభైకి అడిగిండు.
రెండో దినం చీరెల షాపు సంచిల వెడితే
సగం లోపట, సగం బయట,
కిటికీల తలకాయ వెట్టొద్దని నేను తిట్టే పిలగాని లెక్క.

హిమాయత్‌నగర్ల అద్దాల దుకాణం.
గోడకు వేలాడుతున్నయి సంచులు:
జిప్పుది, తాడుది, గాలాడేతందుకు జల్లెడ లెక్కున్నది,
తామరపువ్వుల నడుమ కండ్లు మూసుకున్న బొమ్మది.
స్నిగ్ధ అని పేరుబిళ్ల వెట్టుకున్న పిల్ల
మీ జర్నీ ఎలా ఉంది మేడం, అనడిగింది.
ముషీరాబాద్ నుంచి మెహదీపట్నం, రోజుకు నాలుగు ట్రిప్పులు, అన్న.
ఆ పిల్ల నవ్వలే. నేను సుత నవ్వలే.
ధర చీటి తిప్పి చూసిన.
మెల్లగ మళ్ల బోర్లిచ్చిన,
నిద్ర వట్టిన పసిపిల్లను పండవెట్టినట్టు.

సంచుల సంగతి నాకు ఒకలు చెప్పాల్నా?
ముందటికి ఏస్కోండ్రి, ముందటికి ఏస్కోండ్రి అని
కాలేజీ పోరగాండ్ల మీద ఒర్రి ఒర్రి గొంతు వోయిన దాన్ని.
పట్టీ నడుమ తెగదు, కుట్టుకాడ తెగుతది.
జిప్పు మూలమలుపుల మొరాయిస్తది.
నీళ్ల సీసా లోపట వెట్టినోళ్ల సర్టిఫికెట్లు
ఎవరి సీటు మీద ఆరినయో నాకెరికే.

సుల్తాన్‌బజార్ల మెట్లకింద, మిషిన్ పట్టేంత జాగల
ముక్తార్ మియా.
ముందుగాల ఖాకీ కాన్వాసు తీసి పరిచిండు.
గట్టిదమ్మా, పదేండ్లు చావదు.
వద్దన్న. ఇంకేదన్న చూడు, అదొక్కటి వద్దు.
వంకాయరంగు దొరికింది.

చాపను కొలిచిండు, ఇరవైనాలుగు అంగుళాలు.
లేచి రెండడుగులు ఎనుకకు వొయ్యి
టేపు మెడలనే ఉండంగ నన్ను చూసిండు.
ఆపా, బాయాఁ కంధా నీచే హై, అన్నడు.
డాక్టరుకు ఫిల్ము కావాల్సొచ్చింది,
ఈయనకు ఒక్క కన్ను సాలింది.
పట్టీ కుడిదిక్కుకు వెడత అన్నడు.
దానికి మోసుడు రాదు మియా, అన్న.
నేర్సుకుంటది, అన్నడు, పండ్ల నడుమ దారం కొరుక్కుంట.

ఒక చిన్న జేబు గూడ, అన్న.
దేనికి?
నోటిదాక వచ్చింది మాట.
తాళంచెవికి, అన్న.

మూడువందల యాభై అయింది. ఐదువందల నోటిచ్చిన.
గల్లాపెట్టె గుంజి చూపెట్టిండు, ఉత్తది.
చిల్లర లేదు, రేపు తీస్కోండ్రి.
పందొమ్మిదేండ్లల ఆ మాట
అవతలి దిక్కు నిలవడి విన్నది ఇదే మొదలు.
బిల్లుచీటి ఎనుక నూటయాభై అని రాసి కింద గీత గీసిచ్చిండు,
అచ్చం నేను టికెట్ల ఎనుక రాసిచ్చినట్టే.
దిగేటప్పుడు యాది మర్చినోళ్లు ఎందరో.
ఆ పైసలన్ని ఏడికి వొయినయో
నన్నడగొద్దు.

పొద్దుగాల ఆరింటికి పార్కుల
వైజయంతి మేడం అందర్ని ఎల్లెల్కల పండుకోమంటది.
చేతులు ఒదిలెయ్యిండ్రి, అరచేతులు ఆకాశం దిక్కు.
కుడిది ఒదిలింది.
ఎడమది ఇంక పిడికిలి విప్పలే,
లేని సంచి మూతి వట్టుకొనే ఉన్నది.
వంకాయరంగుది తలాపున ఉన్నది.
దాని జేబుల తాళంచెవి లేదు,
నూటయాభై బాకీ చీటి ఉన్నది.