మూడో అట్ట

జెడ్డా నుంచి తమ్ముడు పంపిన ఎలక్ట్రిక్ పంపు
పెళ్లికొడుకు బూటులా మెరుస్తోంది.
నా ఫియట్‌కి అదే బిగించాను.
అరవై ఏళ్ల బండి, పైగా అస్మారా ఎత్తు,
గాలే పల్చన ఇక్కడ.
కాస్త గట్టిగా నెట్టేది ఉంటే మంచిదేగా అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న
కార్బ్యురేటర్ అంచుల వెంట పెట్రోలు చెమటలా కారింది.
సైలెన్సర్ నల్లగా దగ్గింది.
కతీడ్రల్ ముందు బండి ఆగిపోతే
చేతుల్లో కాఫీ గ్లాసులతోనే ముసలాళ్లు
చావు పరామర్శకొచ్చినట్టు చుట్టూ చేరారు.
తలొక సలహా. అన్నీ వేరువేరు.

లెటెబ్రహాన్ షెడ్డు మెదెబర్‌లో,
పాత డ్రమ్ములు సాగగొట్టే సుత్తుల మోత మధ్య.
ఆమె బానెట్ ఎత్తి ముందు ముక్కుతో చూసింది.
"సిగరెట్ తాగుతావా?"
"మానేశాను."
"అందుకే ఇంకా ఉన్నావు."

ఇంగ్లీషువాళ్లు వదిలెళ్లిన గేజ్ ఒకటుంది ఆమె దగ్గర,
పౌన్ల లెక్క.
గొట్టానికి తగిలిస్తే ముల్లు ఆరు మీద నిలబడింది.
"దీనికి మూడు చాలు."
ఫ్లోట్ గిన్నె మూత విప్పి
లోపలి సూదిని నా అరచేతిలో పెట్టింది.
బార్లీ గింజంత ఉంది. కొన మీద సన్నటి గాటు.
"గిన్నె నిండగానే ఫ్లోట్ లేచి
దీన్ని మూతికి ఆనిస్తుంది. అంతే దీని బలం.
రేకు తలుపు గొళ్ళెం ఇది.
నువ్వు దాని మీదికి గొడ్ల మందను తోలావు."

నేనేమన్నాను? రేపు మస్సావాలో పెళ్లి,
పెళ్లికూతురు నా బండిలోనే అన్నాను.
"పాత పంపు పారేశావా?"
"డిక్కీలో ఉంది, గుడ్డలో చుట్టి."
మొదటిసారి నా మొహం చూసింది.

సూది నూరి, పాత పంపు తొడిగి, ప్యాకింగ్ కోసం వెతికితే లేదు.
మకరోనీ డబ్బా చింపి కత్తెర పట్టింది.
పంపు కింద ఒక అట్ట. ముల్లు అయిదుకు ఓ పిసరు తక్కువ.
"పంపుకీ ఇంజనుకీ ఎడం పెంచాలి," అంది తనలో తాను,
"దెబ్బ కాస్త పొట్టిగా పడాలి."
రెండో అట్ట. నాలుగు.
మూల కుంపటి మీద జెబెనా మెడ దాకా పొంగొచ్చింది.
అటు చూడకుండానే చెయ్యి చాపి దించింది.
మూడో అట్ట.
ముల్లు కొంచెం వణికి, మూడుకి వెంట్రుకవాసి కింద
కూర్చుంది.

బిల్లు మకరోనీ డబ్బా ఖరీదంత.
సిగ్గుపడి రెట్టింపు ఇవ్వబోతే
"ఎక్కువ పంపకు" అంది,
నవ్విందో లేదో తెలీలేదు.

నూటపది కిలోమీటర్ల దిగుడు.
నెఫాసిత్ దాకా మబ్బు, గిందా దగ్గర కమలాలు,
ఆ తర్వాత ఎండ, ఎండ, ఇంకా ఎండ.
మస్సావా కనబడీ కనబడకముందే
గొట్టంలో పెట్రోలు ఆవిరై బండి గుక్క తిప్పుకోలేకపోయింది.
పెళ్లికూతురు మేనత్త దిగి
తెల్లటి నెత్సెలాను నీళ్లలో ముంచి
పసిబిడ్డ నుదుటికి వేసినట్టు పంపు మీద పరిచింది.
"మా నాన్నకీ ఇలాంటిదే ఉండేది," అంది.
పెళ్లికూతురు కిలోమీటరు రాయి మీద కూర్చుని
చెప్పులు విప్పి కమలాపండు వొలుచుకుంది.
తొందర ఎవరికీ ఉన్నట్టు లేదు, నాకు తప్ప.
పావుగంటకు బండి పలికింది.

రాత్రి జెడ్డా నుంచి ఫోను.
"పంపు ఎలా ఉందన్నా?"
కొత్త పంపు మంచం కింద పెట్టెలో ఉంది,
కాగితం కూడా మళ్లీ చుట్టేశాను.
పన్నెండు గంటల షిఫ్టు చేసి కొన్న గొంతు అది, ఆత్రంగా ఉంది.
"చాలా గట్టిదిరా," అన్నాను.
అందులో అబద్ధమేం లేదు.