నాలుగు క్లిక్కులు

ఒరెస్ట్ పావ్లుక్ షెడ్డులో
గోడ గడియారం ఆగి మూడు చలికాలాలైంది.
ఇంజన్లుండగా గడియారమెందుకంటాడు.

సస్కాచెవాన్‌లో గోధుమ కోతలకు ఇంకా నెల ఉంది.
శనివారం సంతమైదానంలో బరువు లాగుడు పందెం.
డ్వెయిన్ ఫ్రీసెన్ పాత పికప్పును వెనక్కి నడిపి లోపల పెట్టాడు,
టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.
"రెండువేల ఐదొందల దగ్గర ఊపిరి బిగబడుతోంది, ఒరెస్ట్.
ఆ పైన ఎంత తొక్కినా
కాలి కింద ఏమీ లేనట్టుంది."

ఆ వేసవికి నా ఉద్యోగం టార్చి పట్టుకోవడం.

డీజిల్ పంపు వెనక గుండ్రటి డబ్బాలో ఉంటుంది గవర్నరు.
పేరుకే గవర్నరు. గొడుగు పట్టేవాడు లేడు,
మెట్ల మీద సలాం కొట్టేవాడు లేడు.
రెండు ఇనప గుండ్లు,
గుండుకి మూడేసి స్ప్రింగులు, ఒకదానిలో ఒకటి దూరి.
వేగమెక్కేకొద్దీ గుండ్లు బయటికి విసురుకుంటాయి,
స్ప్రింగులు లోపలికి గుంజుతాయి,
ఆ పెనుగులాట ఎక్కడ తెగుతుందో
అక్కడ డీజిల్ సన్నబడుతుంది.
ఎద్దుకు ముకుతాడు ముక్కులో ఉంటుంది.
దీనికి కడుపులో.

ఫ్యాక్టరీవాడు తీగ చుట్టి సీసం ముద్ర వేశాడు దానికి.
ఒరెస్ట్ పుటుక్కున తెంపి
ముద్రను కాఫీ డబ్బాలో పడేశాడు.
డబ్బా సగం నిండి ఉంది,
ఎవరెవరివో తెంపేసిన "చాలు"లతో.

పై బిరడా విప్పాక వేలెడంత కంత.
కింద నేను కడ్డీతో ఇంజన్ను తిప్పుతున్నాను,
తిరగలి తిప్పినంత మెల్లగా, నట్టు పైకొచ్చేదాకా.
కొత్త స్ప్రింగులు దించాడు, గట్టివి.
పట్టకారు జారితే నట్టు లోపల పడుతుంది.
పడితే పంపంతా విప్పాలి.
విప్పితే శనివారం లేదు.
ఇద్దరం ఊపిరి తియ్యలేదు.

ఇక బిగింపు. పావు చుట్టుకి ఒక క్లిక్కు.
"రెండు పక్కలా ఒకే లెక్కుండాలి, లెస్యా.
తేడా వస్తే నిలబడ్డచోటే బండి
లేస్తుంది, పడుతుంది, మళ్ళీ లేస్తుంది,
నిద్రపట్టని మనిషిలా."
డ్వెయిన్ ఆరు అడిగాడు.
బిల్లు మీద ఆరని రాసి ఉంది.

క్లిక్. క్లిక్. క్లిక్.
క్లిక్.
ఒరెస్ట్ పానా తీసేశాడు.
ఇంజన్ను తిప్పాను. రెండో పక్క.
అక్కడా నాలుగే.

ఆయనకు ఎడమ చెవి వినపడదు.
డెబ్బై తొమ్మిదిలో ఒక ట్రాక్టరు పగ్గం తెంచుకుంది.
డీజిల్ ఆపినా ఆగక
తన నూనె తానే తాగుతూ అరిచింది.
గాలి గొట్టానికి చెక్క అడ్డంపెట్టి
అది చచ్చేదాకా దాన్ని అదిమిపట్టి నిలబడ్డాడట.
కుడి చెవిని ఆ తర్వాతి ఇంజన్లు కొంచెం కొంచెం పంచుకున్నాయి.
కనక అది దయో చెముడో
నాకు తెలియలేదు. అడగలేదు.
అడిగితే రెండిట్లో ఒకటి పోతుంది.

శనివారం గొలుసు బిగిసింది.
వెనక స్లెడ్జి మీద బరువు ముందుకు పాకుతుంటే
గొట్టంలోంచి నల్లటి పొగ నిలువునా లేచి
పళ్ళ పైలు అమ్మే చర్చి ఆడవాళ్ళ మీద వాలింది.
పొగరులోనే ఉంది కదా పొగ.
రెండొందల ఎనభై ఒక్క అడుగులు. నాలుగో స్థానం.
బండి లోపల వేడి ముల్లు
ఎర్రగీతకు వెంట్రుకవాసి ఇవతల ఆగడం నేను చూశాను.
డ్వెయిన్ చూడలేదు.
మసి మొహంతో పరిగెత్తుకొచ్చాడు:
"ఆ చివరి రెండూ, ఒరెస్ట్! ఐదూ, ఆరూ!
సీటు కింద తెలిశాయి నాకు!"
ఒరెస్ట్ తల ఊపాడు.
కుడి చెవి మాత్రం అటు తిప్పలేదు.

ఆగస్టు చివర ఇంకో బండి వచ్చింది.
పానా నా చేతిలో పెట్టి
టార్చి తాను తీసుకున్నాడు.
వెలుగు కాస్త వణికింది.
"ఎన్ని అడిగాడు?"
"ఎనిమిది," అరిచాను.
"సరే. లెక్కపెట్టు.
పైకి వద్దు."