ముందు కెమెరా

ఫ్రాయ్ బెంతోస్‌లో
నది వైపు దిగే వీధి మలుపున
ఎలాదియో క్షౌరశాల.
నేను అక్కడ జుట్టు ఊడ్చేదాన్ని.
జూలై చలి. కిటికీ అద్దాలకి మా ఊపిరే అంటుకుని ఉంది.

ఆ ఉదయం రిమోటు చచ్చిపోయింది.
టీవీ బతికే ఉంది, అదీ బాధ:
చూరుకి జానెడు కింద
పరుపులు అమ్మే ఛానల్లో ఇరుక్కుపోయి.
పక్కనున్న మీటలు ఎప్పుడో లోపలికి పడిపోయాయి.
ప్లగ్గు పీకేద్దామంటే అది నిలువుటద్దం వెనకాల,
ఆ అద్దాన్ని ఎలాదియో నాన్న
మళ్ళీ ఊడదీసే ఉద్దేశం లేకుండా బిగించి పోయాడు.

వచ్చినవాళ్ళు తలో వైద్యం చెప్పారు.
టాక్సీ వెలాస్కో అరచేతిలో చరిచాడు,
మొండి గాడిదను చరిచినట్టు.
పోస్టాఫీసు రోసెందో బ్యాటరీలను బొటనవేలితో దొర్లించి
"ఒక్కోసారి నిద్రపోతాయి ఇవి" అన్నాడు.
నేను మూత తీసి, స్ప్రింగు మీది పచ్చటి చిలుమును
వెనిగర్ దూదితో తుడిచాను.
ఎలాదియో పిల్లి పిల్లల్ని తిప్పినట్టు బ్యాటరీలను తిప్పాడు,
గడియారంలోవి రిమోటులోకి, రిమోటులోవి బల్ల మీదికి.
ఆ హడావిడిలో గడియారమూ ఆగింది.
పరుపు మీద దొర్లే ఆవిడ నవ్వు మాత్రం ఆగలేదు.

బెంచీకి ఆ చివర యమందూ, ఈ చివర అనీబల్.
అన్నదమ్ములు. నాలుగేళ్ళుగా మాటల్లేవు.
ఒక పడవ మోటారు. ఎవరిది, ఎవరు అమ్మేశారు
అన్నది మనిషికో రకంగా చెబుతారు.
ఇద్దరికీ నెత్తిన రెండేసి సుళ్ళు,
ఆ సుళ్ళ దారి తెలిసినవాడు ఎలాదియో ఒక్కడే,
అందుకని ఇద్దరూ ఇక్కడికే వస్తారు.
మాతే బుర్ర అన్న నుంచి తమ్ముడికి
నా చేతిమీదుగా వెళ్తుంది.

యమందూ ఓడరేవులో కరెంటు పని చేసినవాడు.
రిమోటు అందుకుని, ఎవరితోనూ కానట్టు,
"దీని వెలుగు కంటికి కనపడదు.
ఫోను కెమెరాకి కనపడుతుంది" అన్నాడు.

ఎలాదియో చేతులు రెండూ నురగ.
నా ఫోను రిపేరులో ఉంది.
వెలాస్కో, రోసెందో ఎప్పుడో వెళ్ళిపోయారు.

కత్తెర చప్పుడు ఆగింది.
పరుపులావిడ పదేళ్ళ గ్యారంటీ అంటోంది.
అనీబల్ కోటు జేబులోంచి ఫోను తీసి
కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచాడు.

"నొక్కు."
"నొక్కుతూనే ఉన్నా."
"ఏం లేదు."
"వెనకది సరిగ్గా చూడదు. ముందు కెమెరా పెట్టు."

ముందు కెమెరా అంటే
రిమోటు అతని ముఖం పక్కకి రావాలి.
యమందూ లేచాడు. బెంచీ కిర్రుమంది.
తమ్ముడి భుజం మీదుగా తెరలోకి గురిపెట్టాడు.
అరచేతంత తెరలో ఇద్దరి ముఖాలు ఇరుగ్గా,
మధ్యలో రిమోటు ముక్కు.

"నొక్కు."

వెలిగింది.
వంగపువ్వు రంగు చుక్క,
బయట గదిలో ఎక్కడా లేదు, తెరలోనే ఉంది.
"మళ్ళీ." వెలిగింది.
"మళ్ళీ."
ఐదుసార్లు చూశారు.
రెండోసారికే తేలిపోయిన సంగతి.

"ఇది చెబుతూనే ఉంది. విననిది అదీ"
అంటూ అనీబల్ గడ్డంతో టీవీని చూపించాడు.

స్టూలెక్కాను.
కింది అంచున కందిగింజంత కన్ను.
దానిమీద పదకొండేళ్ళ పౌడరు,
ఊళ్ళో సగం మంది తలల పొట్టి వెంట్రుకలు,
పైన స్ప్రే జిగురు పూత.
మెడ దులిపే కుంచెకి లొంగలేదు,
వేలికి ఉమ్ము రాసి గీకాను.
యమందూ నొక్కాడు.
పరుపులావిడ మాట మధ్యలోనే మాయమైంది.

ఎవరూ ఏమీ అనలేదు.
ఎవరి చివరికి వాళ్ళు వెళ్ళారు.
మాతే మళ్ళీ నా చేతిమీదుగానే వెళ్ళింది.

అనీబల్ క్రాపు అయ్యాక, కోటు తొడుక్కుని,
చచ్చాయని తీసి బల్ల మీద పడేసిన బ్యాటరీల్లో
ఒకటి తీసి గడియారంలో పెట్టాడు. టిక్కుమంది.
ముల్లు మీద వేలుంచి, గోడవైపే చూస్తూ
"టైమెంత?" అన్నాడు.

ఫోను అతని జేబులోనే ఉంది.

"పన్నెండుకి పది తక్కువ" అంది
బెంచీ అటు చివర.