అక్టోబరు గడి

అకితా నగర కార్యాలయం, మూడో అంతస్తు.
పొద్దున అంకెలు దించుకుంటాను,
మధ్యాహ్నం కౌంటరులో కూర్చుంటాను.
పోలీసుల నుంచి నెలనెలా వచ్చే కాగితంలో
మనుషులుండరు, వయసులుంటాయి.
వృత్తి అన్నచోట "లేదు",
కారణం అన్నచోట తరచూ "తెలియదు".

ఏప్రిల్లో అంకె తగ్గింది.
బళ్ళు మూశారు, రైళ్ళు ఖాళీగా తిరిగాయి,
అయినా తగ్గింది.
మా పెద్దసారు నకాదై గీతను వేలితో కిందికి నిమిరి
"అందరిదీ ఒకే కష్టమైతే
కాస్త తేలికవుతుందేమో" అన్నాడు.
నమ్మాను. మే నెల కూడా నమ్మించింది.

జులైలో గీత తలెత్తింది.
వరదలో నిలబడ్డ గోడ
వరద తీశాక కూలుతుందని మా అమ్మ అనేది.
ఆగస్టులో వెదురుగడల దీపాల పండుగ లేదు.
గడలెత్తే మగవాళ్ళ భుజాలు ఊరికే ఉన్నాయి,
వాళ్ళకి వడ్డించి బతికే ఆడవాళ్ళ చేతులూ ఊరికే ఉన్నాయి.

అక్టోబరు చివర ఒకామె వచ్చింది.
నరిత సెత్సుయె, యాభై నాలుగు.
వేడినీటి బుగ్గల సత్రంలో పంతొమ్మిదేళ్ళు పక్కలు పరిచింది.
జూన్‌లో సత్రం తలుపులు వేసింది.
అప్పు దరఖాస్తు మీద పేరు ముద్ర పడాలి,
ముద్ర ఇంట్లో మరిచింది.
"అయితే ఇక అక్కర్లేదులెండి" అంది,
అంగట్లో చిల్లర వద్దన్నంత మామూలుగా.

ఆ "ఇక" నాకు తెలుసు.
పదకొండేళ్ళుగా అంకెల్లో చదువుతున్నాను,
గొంతులో వినడం అదే మొదలు.
నియమం ప్రకారం కాగితం తిప్పి ఇచ్చెయ్యాలి.
ఇవ్వలేదు. సొరుగులో పెట్టి తాళం వేశాను.
"ఇది నా దగ్గరే ఉంటుంది.
రేపు ఒంటిగంటకి నేనే ఉంటాను" అన్నాను
ప్లాస్టిక్ తెర ఇవతల, మాస్కు పైన మిగిలిన కళ్ళతో.

మర్నాడు రాలేదు.
ఆ పై వారం రాలేదు.
శుక్రవారం అక్టోబరు కాగితం వచ్చింది.
ఆడవాళ్ళ అంకె నా పటంలో పట్టలేదు,
పైన ఇంకో ముక్క అతికించాల్సి వచ్చింది.
యాభైల గడిలో, మా పేటది, ఒకటి.
వృత్తి: లేదు.
ఆ ఒకటి దించడానికి చెయ్యి రాక
పెన్ను మూత తీసి, పెట్టి, తీసి
దీపాలార్పి ఇంటికెళ్ళిపోయాను.

సోమవారం ఒంటిగంటా పదికి
తడిసిన గొడుగుతో వచ్చింది.
"జ్వరం. అదేనేమోనని తలుపేసుకున్నాను,
ఎవరికీ అంటకూడదు కదా" అంది.
ముద్ర ఎర్రగా పడింది, కాస్త వంకరగా.

ఆమె వెళ్ళాక కాగితం తీశాను.
ఒకటి అక్కడే ఉంది.
ఇంకెవరో.
ఏ కౌంటరు దగ్గరా
ముద్ర మరిచిపోని ఎవరో.