జఖీరాల శుక్రారం

తెల్లారకముందే క్యాంపు గేటు కాడ
తెల్ల బస్సు ఆగింది.
డ్యూటీ బస్సు గాదు.
ఎవడూ నంబరు పిలవలే, కార్డు అడగలే.
ఎనక సీట్ల నిండ గోనెసంచులు, రబ్బరు బూట్లు,
కేరళ హోటల్ల కట్టిచ్చుకున్న పరోటాల పొట్లం.

బోర్డు మీద ఊరి పేరు అరబ్బీల ఉంటది.
మనోళ్ల నోట్ల అది జఖీరా.
మా మెట్‌పల్లి దిక్కు జఖీరా అంటే దాసిన సరుకు,
కరువుల తీసే గింజలు.
ఈడ దాసిందేందో
మొదటి శుక్రారం నాకు సమజ్ గాలే.
ఉప్పునీళ్లల్ల నిలవడ్డ చెట్లు,
బురదల కెళ్లి పైకి పొడుసుకొచ్చిన ఏర్లు
బడిపిల్లల పెన్సిళ్ల లెక్క.
"ఏర్లు పైకెందుకొచ్చినయే?" అన్న.
"ఊపిరికండి" అన్నాడు ధర్మారాజు,
కోరంగి కాడి మనిషి, పడవలనే పుట్టిండంట.
"మడంటాం మేం. మీరేమంటారు?"
నేనేమంటా? మాకు మడి తెల్సు.
నీళ్లు పెడితే మడి, నీళ్లల్లనే ఉంటే మడ.
ఇద్దరం నవ్వినం, బూట్లు మోకాలి దాక దిగవడంగ.

మూజా మేడం బళ్లె సైన్సు చెప్తదట.
అబాయా అంచు నడుముకు దోపుకొని
అందరికన్న ముంగట తనే దిగుతది.
"ఏరు మీద కాలు పెట్టొద్దు" —
హిందీల ఈ ఒక్క మాట నేర్సుకున్నది మాకోసం.
తప్పుగనే పలుకుతది. అయినా ఎవడూ కాలు పెట్టడు.

సీసలు, తెగిన చెప్పులు, వల తునకలు,
తుప్పువట్టిన చేపల బుట్ట,
ఎవరిదో హెల్మెటు — మా కంపెనీ గుర్తే దాని మీద.
సప్పుడు చెయ్యకుండ సంచిల ఏసిన.

గప్పుడు కనవడ్డది కొంగ.
నల్లది, గొంతు కాడ ఇంత తెలుపు.
గాలం దారం రెక్కకు, కాలుకు, కొమ్మకు.
ఎన్ని దినాలాయెనో
కొట్టుకొని కొట్టుకొని
ఆ కొమ్మకు ఒక్క ఆకు లేదు.
కత్తెర రొవేనా సంచిల ఉన్నది,
రొవేనా అవతలి పాయల ఉన్నది.
నా జేబుల కటింగ్ ప్లేరు.
శనారం కెళ్లి బేస్తారం దాక
సలాకకు సలాక కట్టే ప్లేరు.
దినానికి ఎన్ని ముళ్లో లెక్కవెట్టేటోడు వేరే ఉన్నడు.
బొటనేలు కాడ కాయ కాసింది,
చెయ్యికి బిగిచ్చుడు తప్ప ఇంకోటి తెల్వది.

ధర్మారాజు దాని తల మీద తువ్వాల కప్పిండు.
తువ్వాల కింద గుండె
మోటరు లెక్క కొట్టుకుంటున్నది.
ఒక సుట్టు కత్తిరిచ్చిన.
రెండోది మాంసంల దిగి ఉన్నది.
ముక్కుతోని పొడిసింది, గ్లౌజు సీలి నెత్తురొచ్చింది.
మా ఊరి తిట్లన్ని తిట్టిన.
ఇంకోటి పొడిసింది.

మూడోది తెగంగనే ఎగురుతదనుకున్న.
ఎగరలే.
బురదల నాలుగడుగులు ఏసి, ఆగి,
మా దిక్కు సూడకుండ ఈకలు సదురుకున్నది,
జీతం నాడు అద్దం ముంగట మా రూముల పోశెట్టి లెక్క.
"రెక్క నయం గాకపోతే?" అన్న.
మూజా మేడం కాయితం మీద ఏదో రాసుకొని
"ఇన్షాల్లా" అన్నది. గంతే.
దూరంగ నీళ్ల అంచుకు గులాబి రంగు పక్షులు
ఒంటికాలి మీద, ఏ తొందర లేకుండ.
వాటిని గూడ లెక్కవెట్టినం.
మూడుసార్లు పెడితే మూడు లెక్కలొచ్చినయి.

రాత్రి ఫోన్ల గంగజల —
"శుక్రారం ఓటీ ఇచ్చిండ్రా?"
"ఓటీ గాదు."
"మరి గా బురదల ఏం పని?"
ఏలి కట్టు సూపిచ్చిన. కొంగ సంగతి చెప్పిన.
ఒళ్లె చాట, చేతుల బీడీ ఆకు,
దారం సుట్టి, ముడేసి, తెంపి,
దారం సుట్టి, ముడేసి —
జరసేపు ఆమె చెయ్యి ఆగింది.
"పిచ్చోనివి" అన్నది. ఫోను పెట్టేసింది.

మల్ల శుక్రారం బస్సు ఎక్కుతుంటే
వాయిస్ మెసేజి.
ఎనక కోడి కూత, బోరింగు సప్పుడు.
"గా కొంగ కనవడితే
నయమైంది ఎడమ రెక్కనో కుడి రెక్కనో
సూసి చెప్పు.
ఊకెనే అడుగుతున్న."