మ్యూ విలువ

ఇటు సముద్రం, అటు సొహార్ ఊరు,
నడుమ ఉప్పు తీసే మా ప్లాంటు.
మేం ఆగితే ఊరి ట్యాంకు
ముప్పై ఒక్క గంటల్లో అడుగంటుతుంది.

"ఆగుతుందా, ఆగదా? ఒక్కమాట చెప్పు" అన్నాడు మేనేజరు.
ఆగని యంత్రం లేదు సార్,
ఎంత అని అడగండి.
ఎంత చెట్టుకు అంత గాలి అనే భాషలో
లెక్కలు నేర్చుకున్నదాన్ని,
ఔను కాదులతో నాకు కుదరదు.

గుండ్రాలు గీశాను.
రెండు పంపులూ నడుస్తున్నది ఒకటి,
ఒక్కటే నడుస్తున్నది ఒకటి,
ఎర్రనీళ్ల పాచి కొట్టుకొచ్చి
జల్లెడ మూసుకుపోయినది ఇంకొకటి.
చివర్న, ఎవరూ చేరకూడని గుండ్రం:
ఖాళీ ట్యాంకు.
గుండ్రం నుంచి గుండ్రానికి బాణాలు,
బాణం బాణానికీ ఒక రేటు.
చెడడానికి లాంబ్డా, బాగవడానికి మ్యూ.
పదకొండు వేల నాలుగు వందల స్థితులు.
టీ చల్లారేలోగా జవాబొచ్చింది.
ఏడాదిలో ఆ చివరి గుండ్రం తాకే అవకాశం
లక్షలో మూడు.

కంట్రోల్ రూములో సులేమా అల్ బలూషీ
తెర మీద వేలు పెట్టి
"ఈ మ్యూ ఎక్కడిది?" అంది.
రికార్డుల్లోది. సగటున నలభై నిమిషాల్లో రిపేరు.
"రికార్డు రాసేదెవరో చూశావా?"

పంపుహౌసులో యాభై డిగ్రీలు.
లస్మన్న, మెట్‌పల్లి అవతలి మనిషి,
వాల్వు మెడ మీద స్పానరుతో రెండేసి
చెవి ఆనించి విన్నాడు.
"గిది దినాం రెండుమాట్ల అంటుకుంటది మేడం.
కొడ్తే ఇడుస్తది.
గిదంత ఏం రాస్తం?"

వెనక గోడ నిండా సుద్దగీతలు,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
నా గొలుసుకి నిన్నటితో పని లేదు,
ఇప్పుడు నిలబడ్డ గుండ్రమే దాని లోకం.
వాల్వుకి మాత్రం
ఏ యేటి ఉప్పు ఆ యేటిదిగా గుర్తుంది.

రాత్రి ఇంకో గుండ్రం గీశాను.
అంటుకుంది, ఎవరూ వినలేదు.
లోపలికి బాణం, రోజుకు రెండు.
బయటికి, లస్మన్న ఉంటే మూడు నిమిషాలు.
లేకపోతే?
రెండు షిఫ్టులూ అతనే.
లీవు పెట్టి రెండేళ్ల ఏడు నెలలు.

ఉంచి నడిపాను. లక్షలో మూడు కదల్లేదు.
తీసేసి నడిపాను.
వందలో పద్నాలుగు.
ప్రోగ్రాం తప్పనుకుని మూడుసార్లు నడిపాను.

మేనేజరు కొత్త వాల్వుకి సంతకం పెట్టాడు,
ఆర్నెల్లకి వస్తుందట.
రెండో మనిషి మాట దగ్గర పెన్ను మూత పెట్టాడు.

"నా లెక్క ఎంతొచ్చింది మేడం?"
చెప్పాను.
"వందల పద్నాలుగేనా నేను?"
పొట్ట పట్టుకుని నవ్వాడు,
చెమట తుడుచుకున్నాడు,
సుద్దముక్క నా చేతిలో పెట్టాడు.
"ఇగ మీరు గీయుండ్రి. నా డ్యూటీ అయింది."

వాల్వుకి చెవి ఆనించాను.
ఏం వినాలో నాకింకా తెలీదు.